‘ఉన్నాయట’లో ‘ట’ ఎక్కడ పోయింది?

(ఇరాక్ యుద్ధాన్ని సమర్థించిన రాజకీయ విశ్లేషకుల జవాబుదారీతనం మీద చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడొద్దు.

ముందుగా ఒక చిన్న వ్యాకరణ పాఠం. కంగారు పడకండి, రెండు నిమిషాలే. మన భాషలో ఒక బుల్లి అక్షరం ఉంది. ‘ట’. “వాళ్ళబ్బాయికి ఉద్యోగం వచ్చిందట.” “రేపు సెలవట.” ఆ ‘ట’ ఏం చేస్తోందక్కడ? ఇది నేను చూసింది కాదు, విన్నది, నిజానిజాలకి పూచీ నాది కాదు అని ఒక్క అక్షరంలో చెప్పేస్తోంది. చాడీలు చెప్పేవాళ్ళు కూడా ‘ట’ పెట్టే చెబుతారు, గమనించారా? చాడీకి కూడా ఆపాటి నిజాయితీ ఉంది.

ఇప్పుడు రెండు వాక్యాలు చూడండి. “ఇరాక్‌లో జనహనన ఆయుధాలు ఉన్నాయట.” “ఇరాక్‌లో జనహనన ఆయుధాలు ఉన్నాయి.” జనహనన ఆయుధాలంటే అణు, రసాయన, జీవాయుధాలు. అవి ఇరాక్ దగ్గర ఉన్నాయనే అమెరికా 2003 మార్చిలో ఆ దేశం మీద యుద్ధానికి వెళ్ళింది. రెండు వాక్యాలకీ తేడా ఒక్క అక్షరమే. 2002 ఆగస్టు నుంచి 2003 మార్చి దాకా, అంటే ఏడెనిమిది నెలల్లో, ఆ అక్షరం ఎలా ఎగిరిపోయింది? ఎవరు ఎగరగొట్టారు? ఎగరగొట్టినవాళ్ళని తర్వాత ఎవరైనా అడిగారా? ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఇదే.

వాళ్ళ సంగతి ఎత్తేముందు నా సంగతి చెప్పుకోవాలి, లేకపోతే బాగుండదు. ఆ రోజుల్లో నేను ఒక దినపత్రికలో అంతర్జాతీయ వార్తల డెస్క్‌లో సబ్ ఎడిటర్‌ని. ఏజెన్సీ కాపీ ఇంగ్లిష్‌లో వచ్చేది, మేం తెలుగు చేసేవాళ్ళం. ఇంగ్లిష్‌లో ‘అధికారులు అన్నారు’ అని మాత్రమే ఉండేది. నేను ఏం రాసేవాణ్ణి? ‘వెల్లడించారు’. ఇంకాస్త ఊపొస్తే ‘స్పష్టం చేశారు’. ఎవరైనా ‘అన్నారు’ అంటే అది నిజం కావచ్చు, కాకపోవచ్చు. ‘వెల్లడించారు’ అనేసరికి దాగి ఉన్న నిజాన్ని బయటపెట్టినట్టు. ‘స్పష్టం చేశారు’ అంటే ఇక సందేహానికే తావు లేదన్నట్టు. ఇక హెడ్డింగులో ‘అన్నారు’కి కూడా చోటుండదు కదా! ‘ఇరాక్ చేతిలో విషాయుధాలు’. అంతే. ఆ హెడ్డింగు నేనే పెట్టాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. నాలుగు మాటల్లో సర్దాలి, సర్దాను. ముందు వరసలో మాష్టారు నవ్వుతున్నారు. మీరూ డెస్క్‌లో పనిచేసినవారే కదా సార్, మీకు తెలుసు.

సరే. నాది చిన్న సైజు పాపం. పెద్ద సైజువి చూద్దాం.

2002 సెప్టెంబరు 8, ఆదివారం. న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో మైకేల్ గోర్డన్, జుడిత్ మిల్లర్ రాసిన వార్త వచ్చింది. ఇరాక్‌లో సద్దాం హుస్సేన్ ప్రభుత్వం ఒక ప్రత్యేకమైన రకం అల్యూమినియం గొట్టాలు కొనడానికి ప్రయత్నించిందనీ, అవి అణుబాంబుకి కావలసిన యురేనియం శుద్ధి చేసే యంత్రాల కోసమేనని అమెరికా అధికారులు భావిస్తున్నారనీ దాని సారాంశం. చెప్పింది ఎవరు? పేరు లేని అధికారులు. అదే రోజు ఉదయం అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చేనీ టీవీ చర్చలో కూర్చుని, ఇదిగో ఇవాళ న్యూయార్క్ టైమ్స్‌లో కూడా వచ్చింది అన్నాడు. అదే రోజు ఇంకో చానల్లో జాతీయ భద్రతా సలహాదారు కండోలీజా రైస్, పొగలు కక్కే తుపాకీ, అంటే తిరుగులేని రుజువు, అణుబాంబు మేఘమై కనిపించేదాకా ఆగలేం అంది.

ఇక్కడ కాస్త ఆగండి. దీని చక్రం అర్థమైందా? నేను ఈయన చెవిలో ఒక మాట చెబుతాను. ఈయన వెళ్ళి పేపర్లో రాస్తాడు, నా పేరు లేకుండా. మర్నాడు నేను ఆ పేపర్ పట్టుకుని మీ ముందుకొచ్చి, చూడండి, నేను చెప్పడం కాదు, పేపర్లోనే వచ్చింది అంటాను. ‘ట’ బయల్దేరింది నా నోట్లోంచే, తిరిగొచ్చేసరికి మాయమైంది. ఆ గొట్టాలు మామూలు ఫిరంగి రాకెట్లకి సరిపోయేవని అమెరికా ఇంధన శాఖలోని నిపుణులు అప్పటికే అంటున్నారు. తర్వాత తేలింది కూడా అదే. కానీ వాళ్ళ మాటకి చక్రం తిరగలేదు.

తర్వాత 2003 ఫిబ్రవరి 5. ఐరాస భద్రతా మండలిలో అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ప్రసంగం. సంచార జీవాయుధ ప్రయోగశాలల బొమ్మలు చూపించాడు. ఆ బొమ్మల వెనకున్న సాక్షి జర్మనీలో ఆశ్రయం కోరిన ఒక ఇరాకీ. అతనికి నిఘావాళ్ళు పెట్టుకున్న మారుపేరు ‘కర్వ్‌బాల్’. అబద్ధం చెప్పానని అతనే 2011లో ఒప్పుకున్నాడు. అది తర్వాతి కథ. పావెల్ మాట్లాడిన మర్నాడు వాషింగ్టన్ పోస్ట్ సంపాదకీయం పెట్టిన శీర్షిక ఒకే ఒక్క మాట. తెలుగులో చెప్పాలంటే ‘తిరుగులేనిది’. ఒక్క రాత్రిలో తిరుగులేనిదని ఎలా తేల్చారు? ఎవరు సరిచూశారు? ప్రసంగం బాగుంది, మాట్లాడినవాడికి మంచి పేరుంది. అంతకుమించి వాళ్ళ చేతిలో ఏముంది?

నాకు కోపం వచ్చేది ఇక్కడే. సైన్యం సంగతి సైన్యం చూసుకుంటుంది, ప్రభుత్వాలు అబద్ధాలాడతాయి, అది కొత్త కాదు. విశ్లేషకుడి ఉద్యోగం ఏమిటి? ఆ ‘ట’ని కాపాడటమే కదా! అందుకే కదా ఆయనకి కుర్చీ, మైకు, కాలమ్ పైన ఫొటో!

అప్పుడు ఎవరికీ తెలియదు కదా అంటారు. తెలుసు. నైట్ రిడర్ అనే పత్రికల సంస్థ ఉండేది. దాని వాషింగ్టన్ బ్యూరోలో జొనాథన్ లాండే, వారెన్ స్ట్రోబెల్ అనే ఇద్దరు విలేకరులు, పైన జాన్ వాల్కాట్ అనే బ్యూరో చీఫ్. వీళ్ళు మంత్రుల దగ్గరికి కాకుండా మధ్య స్థాయి ఉద్యోగుల దగ్గరికి వెళ్ళారు. ఫైళ్ళు చూసేవాళ్ళ దగ్గరికి. అక్కడ అనుమానాలున్నాయని 2002లోనే రాశారు. ఏమైంది? ఆ సంస్థకి న్యూయార్క్‌లో పేపర్ లేదు, వాషింగ్టన్‌లో పేపర్ లేదు. చదవాల్సినవాళ్ళ టేబుల్ మీద అది లేదు. సొంత సంస్థ పత్రికల్లోనే కొన్ని ఆ వార్తలు వేయలేదు.

వాషింగ్టన్ పోస్ట్‌లోనే వాల్టర్ పింకస్ అనే సీనియర్ విలేకరి ఉండేవాడు. అమెరికా దగ్గర ఆయుధాల గురించి కచ్చితమైన వివరాలు లేవని, యుద్ధానికి నాలుగు రోజుల ముందు, మార్చి 16న రాశాడు. అది ఏ పేజీలో వచ్చింది? 17వ పేజీలో. ఆ పత్రికే 2004 ఆగస్టులో తన తప్పులు తాను వెతుక్కుంటూ ఒక లెక్క చెప్పింది. యుద్ధానికి ముందు ఏడెనిమిది నెలల్లో ప్రభుత్వ వాదన ప్రధానంగా ఉన్న వార్తలు మొదటి పేజీలో 140కి పైగా వేశారట. ఇక్కడ ‘ట’ ఎందుకన్నానంటే, నేను లెక్కపెట్టలేదు. వాళ్ళే లెక్కపెట్టుకున్నారు.

టీవీ సంగతి మరీ దారుణం. ఫెయిర్ అనే మీడియా పరిశీలన సంస్థ పావెల్ ప్రసంగానికి వారం ముందు, వారం తర్వాత నాలుగు పెద్ద చానళ్ళ రాత్రి వార్తలు చూసింది. ఇరాక్ గురించి తెర మీద మాట్లాడినవాళ్ళు 393 మంది. అందులో యుద్ధ వ్యతిరేక ఉద్యమాలకి చెందినవాళ్ళు ఎందరు? ముప్ఫై? కాదు. ముగ్గురు. ఫిల్ డొనహ్యూ అనే పేరున్న యాంకర్ ఎంఎస్ఎన్‌బీసీలో యుద్ధాన్ని వ్యతిరేకించేవాళ్ళని పిలిచి మాట్లాడించేవాడు. ఆ చానల్లో ఎక్కువమంది చూసే షో అదే. 2003 ఫిబ్రవరిలో ఎత్తేశారు. యుద్ధ సమయంలో ఈయన మొహం చానల్‌కి ఇబ్బంది అని లోపల ఒక నోట్ తిరిగింది, తర్వాత బయటికొచ్చింది. ఇక టీవీల్లో మ్యాపుల ముందు నిలబడి యుద్ధం వివరించే రిటైర్డ్ సైనికాధికారులు. వాళ్ళలో చాలామందికి అమెరికా రక్షణ శాఖ పెంటగాన్ ప్రత్యేకంగా కూర్చోబెట్టి ఏం చెప్పాలో చెప్పేదని, కొందరికి ఆయుధ కంపెనీలతో వ్యాపార సంబంధాలున్నాయని న్యూయార్క్ టైమ్స్‌లోనే డేవిడ్ బార్‌స్టో 2008లో బయటపెట్టాడు. చూసేవాళ్ళకి మాత్రం ‘స్వతంత్ర విశ్లేషకుడు’.

యుద్ధం వచ్చింది. అమెరికా సైనికులు దాదాపు 4,500 మంది పోయారు. ఇరాక్ పౌరులు? వార్తల్లో, ఆసుపత్రి రికార్డుల్లో నమోదైన మరణాలని మాత్రమే లెక్కపెట్టే ఇరాక్ బాడీ కౌంట్ అనే సంస్థ ప్రకారమే దాదాపు 2 లక్షలు. నమోదు కానివి ఆ లెక్కలో లేవు. ఆయుధాలు? 2004 అక్టోబరులో అమెరికా సొంత పరిశోధన బృందం నివేదిక ఇచ్చింది. నిల్వలు లేవు.

ఇప్పుడు రెండో వ్యాకరణ పాఠం. ఇదే ఆఖరిది, ఒట్టు.

ఇంగ్లిష్‌వాళ్ళకి లేనిది మనకొకటి ఉంది. వాళ్ళకి ‘మేం’ అన్నా ‘మనం’ అన్నా ఒకటే మాట. మనకి కాదు. ‘మేం వెళ్ళాం’ అంటే ఎదుటివాడు లేడు. ‘మనం వెళ్ళాం’ అంటే ఎదుటివాడూ ఉన్నాడు. ఆయుధాల వేటకి నాయకత్వం వహించిన డేవిడ్ కే 2004 జనవరిలో సెనేట్ కమిటీ ముందు, దాదాపు అందరం పొరబడ్డాం, నాతో సహా అన్నాడు. ఆయన నిజాయితీపరుడు, ‘నాతో సహా’ అన్నాడు, ‘దాదాపు’ అని కూడా అన్నాడు. కానీ విశ్లేషకులు ఆ వాక్యం పట్టుకుని ‘దాదాపు’ కోసేశారు. అందరం నమ్మాం కదా, అందరం పొరబడ్డాం కదా! నేను అడుగుతున్నాను, ఈ ‘అందరం’లో ఉన్నది మనమా, మేమా?

అమెరికా సెనేట్‌లో 23 మంది యుద్ధానికి అనుమతి ఇవ్వొద్దని ఓటేశారు. ప్రతినిధుల సభలో 133 మంది. వాళ్ళు ఈ ‘అందరం’లో ఉన్నారా? 2002 సెప్టెంబరులో 33 మంది అంతర్జాతీయ వ్యవహారాల పండితులు, వీధి పోరాటాలు చేసేవాళ్ళు కాదు, యూనివర్సిటీ ప్రొఫెసర్లు, సొంత డబ్బు పెట్టి న్యూయార్క్ టైమ్స్‌లో ప్రకటన వేయించారు, ఈ యుద్ధం అమెరికాకి మంచిది కాదని. వాళ్ళ మాట వార్తగా రాలేదు, ప్రకటనగా కొనుక్కోవాల్సి వచ్చింది! 2003 ఫిబ్రవరి 15న ప్రపంచంలో వందల నగరాల్లో లక్షల మంది రోడ్ల మీదకొచ్చారు. వీళ్ళందరినీ కలుపుకుని ‘మనం పొరబడ్డాం’ అనడానికి ఎవరిచ్చారు హక్కు? ‘మేం పొరబడ్డాం’ అనాలి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ‘నేను’.

ఈ ‘అందరం’ వల్ల ఏమవుతుందంటే, అందరూ తప్పు చేస్తే ఎవరూ తప్పు చేయనట్టే. అంతేకాదు, సరిగ్గా చెప్పినవాళ్ళు లెక్కలోంచే పోతారు. నా దృష్టిలో మొదటిదానికంటే ఈ రెండోది పెద్ద నష్టం. తప్పు చెప్పినవాడికి కుర్చీ ఉండటం ఒక ఎత్తు. సరిగ్గా చెప్పినవాడికి ఆ తర్వాత కూడా కుర్చీ వేయకపోవడం ఇంకో ఎత్తు.

కుర్చీలు ఎవరికి ఉన్నాయో చూడండి. యుద్ధం కోసం అందరికంటే గట్టిగా వాదించిన వ్యాఖ్యాత విలియం క్రిస్టల్‌కి 2008లో, యుద్ధం ఐదో ఏడాదిలో, న్యూయార్క్ టైమ్స్ కాలమ్ ఇచ్చింది. సద్దాంకి, అల్ ఖైదాకి సంబంధాలున్నాయని 2002లో పెద్ద వ్యాసం రాసిన జెఫ్రీ గోల్డ్‌బర్గ్ 2016లో అట్లాంటిక్ పత్రికకి ఎడిటర్ అయ్యాడు. ఆయన మంచి జర్నలిస్టే, వేరే పని చాలా చేశాడు, కాదనను. కానీ ఆ వ్యాసం ఆయన దారికి అడ్డం రాలేదన్నది కూడా నిజమే. న్యూయార్క్ టైమ్స్ కాలమిస్టు థామస్ ఫ్రీడ్‌మన్ అయితే, ఇరాక్‌లో రాబోయే ఆరు నెలలే కీలకం అని 2003లో అన్నాడు, 2004లో అన్నాడు, 2005లో అన్నాడు, 2006లో అన్నాడు. చదివేవాళ్ళకి విసుగొచ్చి ఆరు నెలల కాలానికి ‘ఒక ఫ్రీడ్‌మన్ యూనిట్’ అని పేరు పెట్టారు. పూర్వం మన ఊళ్ళలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవాళ్ళు, గుర్తుందా? దెయ్యం రోజూ వస్తుంది, చదువుతుంది, సరే రేపు వద్దాం అని వెళ్ళిపోతుంది. ఇదీ అలాంటిదే. లెక్క అడగడానికి వచ్చినవాణ్ణి ప్రతిసారీ ఆరు నెలల తర్వాత రమ్మనడం.

దెబ్బ తిన్నది ఎవరంటే ఆ గొట్టాల వార్త రాసిన జుడిత్ మిల్లర్ ఒక్కతే చెప్పుకోదగ్గట్టు. 2005లో ఉద్యోగం పోయింది. ఆవిడ తప్పు చిన్నదనడం లేదు. కానీ న్యూయార్క్ టైమ్స్ 2004 మే 26న లోపలి పేజీలో రాసుకున్న వివరణలో, తప్పు విలేకరులది మాత్రమే కాదు, ప్రశ్నించాల్సిన ఎడిటర్లు వివిధ స్థాయిల్లో ప్రశ్నించలేదని ఒప్పుకుంది. మరి ఆ స్థాయిల పేర్లేవి? ఒక మనిషిని బయటికి పంపి తలుపు మూస్తే లోపలి గాలి బాగుపడుతుందా?

ఇక్కడ నన్ను ఒక ప్రశ్న అడగాలి మీరు. అడగరని తెలుసు, నేనే అడుగుతాను. ‘ఏమయ్యా, జోస్యం తప్పినవాణ్ణల్లా శిక్షిస్తే రేపు ఎవడు నోరు విప్పుతాడు?’ న్యాయమైన ప్రశ్న. శిక్షించమని నేను అనడం లేదు. ఆ యుద్ధంలో అమెరికాతో కలిసి వెళ్ళిన బ్రిటన్‌లో నాయకుల మీద చిల్కాట్ విచారణ జరిగింది, ఏడేళ్ళు పట్టింది, 2016లో 12 సంపుటాలు, 26 లక్షల మాటలు. కాలమిస్టుల మీద అలాంటి ప్రభుత్వ విచారణ వేయమంటే మొదట వ్యతిరేకించేవాణ్ణి నేనే. ఇవాళ యుద్ధాన్ని సమర్థించినవాళ్ళ మీద వేస్తారు, రేపు వ్యతిరేకించినవాళ్ళ మీద వేస్తారు. వద్దు.

నేను అడుగుతున్నది చాలా చిన్నది. క్రికెట్ చూస్తారుగా? బ్యాట్స్‌మన్ క్రీజులోకి రాగానే టీవీ తెర కింద ఒక పట్టీ వస్తుంది. ఎన్ని మ్యాచ్‌లు, ఎన్ని పరుగులు, సగటు ఎంత. అతన్ని ఎవరూ అవమానించినట్టు కాదు, అతనూ ఏడవడు. విశ్లేషకుడు తెర మీదకొస్తే కింద ఏం వస్తుంది? ‘సీనియర్ ఫెలో’. ‘మాజీ సలహాదారు’. ఆ పట్టీలో ఇంకో వరస పెట్టండి చాలు. ‘2003లో: యుద్ధం వారాల్లో ముగుస్తుందన్నారు.’ తర్వాత ఆయన కొత్త యుద్ధం గురించి ఏం చెప్పుకున్నా చెప్పుకోనివ్వండి. వినేవాడు ఎంత నమ్మాలో వాడే చూసుకుంటాడు.

ఇది ఎందుకు జరగదో ఫిలిప్ టెట్లాక్ పరిశోధన చదివితే అర్థమవుతుంది. ఆయన అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త. దాదాపు ఇరవై ఏళ్ళు 284 మంది నిపుణుల జోస్యాలు రాసిపెట్టుకుని, జరిగినదానితో పోల్చి, 2005లో ఫలితాలు ప్రచురించాడు. పేరు ఎంత ఎక్కువుంటే, మీడియా ఎంత ఎక్కువ పిలిస్తే, జోస్యం అంత తక్కువ నిజమైంది. ఎందుకంటారు? టీవీకి కావాల్సింది గట్టిగా మాట్లాడేవాడు. ‘అయితే కావచ్చు, కానీ’ అని నసిగేవాణ్ణి రెండోసారి పిలవరు. అంటే ‘ట’ పెట్టి మాట్లాడేవాణ్ణి పిలవరు.

ఇంకో వాదన ఉంది, నిఘా సంస్థలన్నీ అదే చెప్పాయి కదా, విశ్లేషకుడు ఏం చేస్తాడు అని. సరే, సద్దాం దగ్గర ఏవో రసాయన ఆయుధాలు మిగిలి ఉండొచ్చని చాలామంది అనుకున్నారు. ఐరాస తనిఖీ బృందం నాయకుడు హాన్స్ బ్లిక్స్‌కి కూడా అనుమానాలు ఉండేవి. కానీ ఆయన ఏమన్నాడు? 2003 మార్చి 7న భద్రతా మండలిలో, మిగిలిన పని తేల్చడానికి ఏళ్ళు అక్కర్లేదు, వారాలు చాలవు, నెలలు కావాలి అన్నాడు. అదే రోజు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అధిపతి ఎల్‌బరదేయ్, ఇరాక్‌వాళ్ళు ఆఫ్రికాలోని నైజర్ నుంచి యురేనియం కొన్నారనే పత్రాలు అసలైనవి కావని చెప్పాడు. ఇది రహస్య ఫైలు కాదు. బహిరంగ సమావేశం. రెండు వారాలు కాకముందే బాంబులు పడ్డాయి. అనుమానం ఉండటం తప్పు కాదు. కొన్ని నెలలు ఆగుదాం అన్నవాణ్ణి అమాయకుడని, సద్దాం తొత్తని ఎగతాళి చేశారే, దానికి నిఘా సంస్థల రిపోర్టు అక్కర్లేదు. అది వాళ్ళ సొంత కవిత్వం.

క్షమాపణలు చెప్పినవాళ్ళు లేకపోలేదు. యుద్ధాన్ని సమర్థించిన సంపాదకుడు పీటర్ బైనార్ట్ తప్పు చేశానని రాశాడు, ఆ తర్వాత ఆలోచనా మార్చుకున్నాడు. నేను గౌరవిస్తాను. అలాగే సమర్థించిన రచయిత మైకేల్ ఇగ్నాటీఫ్ 2007లో పెద్ద వ్యాసం రాశాడు, తాను పొరబడ్డానని. అందులోనే, వ్యతిరేకించినవాళ్ళలో చాలామంది ఆలోచించి చెప్పలేదు, అమెరికా ఏం చేసినా తప్పే అనుకునేవాళ్ళని కూడా అన్నాడు. అంటే? నేను తప్పే, కానీ ఒప్పు చెప్పినవాళ్ళకీ తెలివి లేదు. ఇది క్షమాపణా, చివరి బంతికి సిక్సర్ కొట్టే ప్రయత్నమా?

ఎక్కువమంది మాత్రం ‘పొరపాటు జరిగింది’ అన్నారు. ఎండ కాసింది, వాన పడింది, పొరపాటు జరిగింది. చేసినవాడు లేడు.

ఒక మనిషి గురించి చెప్పి ముగిస్తాను. ఆయన విశ్లేషకుడు కాదు, యుద్ధానికి ఓటేసినవాడు. వాల్టర్ జోన్స్, నార్త్ కరొలైనా రిపబ్లికన్ కాంగ్రెస్ సభ్యుడు. ఫ్రాన్స్ యుద్ధాన్ని వ్యతిరేకించిందని 2003లో కాంగ్రెస్ క్యాంటీన్‌లో ఫ్రెంచ్ ఫ్రైస్ పేరు మార్చి ‘ఫ్రీడమ్ ఫ్రైస్’ అని పెట్టించినవాళ్ళలో ఒకడు. అంత వీరావేశం. ఆ తర్వాత ఒక సైనికుడి అంత్యక్రియలకి వెళ్ళాడు. తన ఓటు తప్పని బహిరంగంగా చెప్పాడు, సొంత పార్టీవాళ్ళు దూరం పెట్టినా చెబుతూనే వచ్చాడు. చనిపోయిన సైనికుల కుటుంబాలకి ఉత్తరాలు పంపడం మొదలుపెట్టాడు. ఒక్కో దాని మీద తనే సంతకం చేసేవాడు. 2019లో చనిపోయేనాటికి అవి పది వేలు దాటాయి. తన జిల్లాలోని సైనిక శిబిరం నుంచి వెళ్ళి తిరిగిరానివాళ్ళ ఫొటోలు ఆఫీసు తలుపు బయట వరసగా పెట్టించాడు. ఆయన్ని కలవడానికి వచ్చిన ప్రతివాడూ ఆ ఫొటోల ముందు నుంచే లోపలికి వెళ్ళాలి. ఆయన కూడా రోజూ.

టైమ్ అయిపోయిందని చీటీ పంపారు. ఇక ప్రశ్నలు అడగండి. మైకు ముందు వెనక వరసకి ఇవ్వండి.